వెల్లకిలా దొరికిన వాచీ

"నాలుగింటికి కోర్టులో హాజరు పెట్టాలి. ఇప్పుడు పన్నెండూ నలభై. మీకు పది నిమిషాలిస్తున్నాను," అన్నాడు ఎస్సై పృథ్వీరాజ్. "అదీ మీ నెరిసిన తలకిచ్చే మర్యాద. మీ డిటెక్టివ్ బోర్డుకి కాదు."

గణపతిరావు నవ్వాడు. శ్రీకాకుళం నుంచి రాజాం వచ్చి ఇది రెండో రోజు. ఈ రెండు రోజుల్లో ఎస్సై అతనితో మాట్లాడిన మాటల్లో ఇదే కాస్త మెత్తనిది.

వెనక గదిలో ఫ్యాను కింద ఒకటే కుర్చీ ఉంది. అది హెడ్ కానిస్టేబుల్ సింహాచలానిది. దాన్ని రూబీకిచ్చి తను స్టూలు మీద కూర్చున్నాడు. గణపతిరావు ఆ సంగతి గమనించి మనసులో దాచుకున్నాడు.

రూబీకి ఇరవయ్యారేళ్లు. రాత్రిపూట రాజాంలోనే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆయా. పొద్దునా సాయంత్రం చర్చి వెనక ఇంట్లో ఒంటరిగా ఉండే ఎలీషా మాస్టారికి జావ కాచి, మందులిచ్చి, ఇల్లు ఊడ్చేది. డెబ్భయ్యారేళ్ల ఎలీషా మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక కూడా చర్చి గంట వదల్లేదు. రోజూ తెల్లవారి ఐదింటికి పన్నెండు దెబ్బలు. సోమవారం ఆయన మంచం మీద శవమై దొరికాడు. ముఖం మీద దిండు అదిమి చంపారని డాక్టరు రాశాడు. ఎప్పుడన్నది మాత్రం అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా ఎప్పుడైనా కావచ్చన్నాడు. సోమవారం ఐదింటికి గంట మోగింది కాబట్టి అప్పటికి మాస్టారు బతికే ఉన్నాడని పోలీసుల లెక్క. ఐదింటికీ ఆరింటికీ మధ్య ఆ ఇంట్లో ఉన్నది రూబీ ఒక్కతే.

"సోమవారం ఎన్నింటికి వెళ్లావమ్మా?" అడిగాడు గణపతిరావు.

"ఐదూ ఇరవైకి అంకుల్. డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే. మా గంట ఇని, అప్పుడు ఆస్పత్రి మిషన్లో ఏలిముద్ర ఏసి బయల్దేరినాను."

"ఆరూ ఐదుకి గాని నువ్వు కేక వెయ్యలేదు. అంతసేపు ఏం చేశావు?"

రూబీ పెదవి కొరుక్కుంది. "గంట కొట్టొచ్చి మాస్టారు మళ్లా కాసేపు పడుకుంటారు. లేపితే కోప్పడతారు. ఆ పొద్దూ గోడవైపు తిరిగి ఉన్నారు. దుప్పటి సర్దినాను. జావ కాసినాను. అది సల్లారిపోతన్నాదని సెయ్యి పట్టి లేపబోతే..." ఆగింది. "సెయ్యి మంచులాగ ఉన్నాది అంకుల్. ఆ మాట సెప్తే ఎస్సై గారు కతలు సెప్పకన్నారు."

"వాచీ సంగతి చెప్పు. రాత్రి ఎక్కడ పెట్టేవారు?"

అంత ఏడుపులోనూ ఆ పిల్ల ముఖం కొంచెం వెలిగింది. "దాన్ని మనిషిలాగే సూసేవారు. కీ ఇచ్చే పాత వాచీ. పగలు సేతికుంటే రవంత ముందుకి పరుగెడతాది. రేత్రి వెల్లకిలా పడుకోబెడితే ఇంకా పరుగెడతాది. ఒత్తిగిలి, కీ కిందికొచ్చేలాగ పడుకోబెడితే నెమ్మదిస్తాది. పగలు ఎంత పరుగెట్టినాదో రేత్రి అంత ఎనక్కి రావాలి, అప్పుడే ఐదింటి గంట ఐదింటికి మోగుతాదనీవారు. ఒత్తిగిలి నిలబడ్డానికి సుద్దముక్కల పెట్టెంత సెక్కపెట్టె ఉన్నాది. రోజూ దాని మీద గాడిలోనే."

"వెల్లకిలా ఎప్పుడూ పెట్టరా?"

"అమ్మో! నేనోపాలి మర్సిపోయి అలా ఎడితే వారం రోజులు ఎక్కిరించారు. 'ఒసే, దానికి పక్షవాతమా, వెల్లకిలా పడేసినావు?' అని."

గణపతిరావు తల వంచుకున్నాడు. మూడేళ్ల కిందట శ్రీకాకుళం ఆస్పత్రిలో అతని భార్య రాజకుమారి ఆరు వారాలు మంచం మీద ఉంది. అప్పుడు ఈ రూబీ అక్కడ పనిచేసేది. ఎవరూ చెప్పకుండానే రెండేసి గంటలకొకసారి వచ్చి, వెల్లకిలా ఉన్న మనిషిని ఒత్తిగిలి తిప్పి, వీపు వెనక మడిచిన దుప్పటి ఆనించి వెళ్లేది. రాజకుమారి ఒంటి మీద ఒక్క పుండు లేకుండా వెళ్లిపోయింది. ఈ కేసుకి గణపతిరావు ఫీజు అక్కడే ముట్టిపోయింది.

"వాచీ ఎంత ముందుందో, ఎంత వెనకుందో మాస్టారు పుస్తకం రాసేవారటగా. ఆదివారం రాత్రి రాసిందెవరు?"

"నేనే. దసరా కాడ్నుంచి ఆయన సెయ్యి వణుకుతున్నాది. ఆయన వాచీ ఫోనూ పక్కపక్కన సూసి సెప్తారు, నేను రాస్తాను. తొమ్మిదింటికి ఎనిమిది సెకన్లు ముందన్నారు. రాసినాను. పెట్టె గాడిలో ఒత్తిగిలి ఎట్టి, తలుపు దగ్గరగా ఏసి డ్యూటీకి పోయినాను. ఆ తలుపుకి గడియ ఎప్పుడూ ఎయ్యరు."

"టైమైపోయింది," అని గుమ్మంలోంచి పృథ్వీరాజ్ గొంతు.

బయట మెట్ల దగ్గర బెన్హర్ నిలబడి ఉన్నాడు. చర్చి కమిటీ కార్యదర్శి, నలభై దాటిన మనిషి, ఎలీషా మాస్టారి పాత శిష్యుడు. రెండు రోజులుగా స్టేషన్ దగ్గరే ఉంటున్నాడు. పొద్దున రూబీకి ఇడ్లీలు తెచ్చింది కూడా అతనే.

"ఏమైనా ఆశ ఉందాండీ?" అన్నాడు ఆత్రంగా. "నేను ఊళ్లో లేకపోయాను, అదే నా బాధ. సోమవారం గంట మోగాక ఐదుంపావుకే పాస్టరు గారిని కారెక్కించుకొని విజయనగరం వెళ్లిపోయాను. నేనుంటే ఈ పిల్లని అసలు జీపెక్కనిచ్చేవాణ్ణి కాను."

గణపతిరావు అతని భుజం తట్టి వెళ్లాడు. ఎవరైనా దయ చూపిస్తే వాళ్లని గణపతిరావు ఒక ప్రశ్న తక్కువ అడుగుతాడు. ఇన్నేళ్ల వృత్తిలో అతనికున్న బలహీనత అదొక్కటే.

ఒంటిగంటా ఐదు. మాస్టారి ఇంటి తాళం సింహాచలం తీశాడు. రూబీ తల్లి ఏసమ్మ అప్పటికే గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. పోలీసులు తనని ఏమీ అడగలేదని, అడిగితే చెబుదామని వచ్చిందట.

ఒకే గది. గోడవారగా మంచం. మంచానికి తల వైపు చిన్న బల్ల. బల్ల మీద ఇటు చివర చెక్కపెట్టె, దాని పక్కనే నల్ల అట్ట పెద్ద బైబిలు; ఆ రెంటితోనే బల్ల నిండిపోయింది. బల్లకి అవతల, మంచం దాటి చెయ్యి బాగా చాపితే గాని అందని కిటికీ గట్టు.

"ఏదీ కదపలేదు కదా?"

"వాచీ తప్ప ఏటీ కదపనేదు సార్. వాచీ ఆ కిటికీ గట్టు మీద దొరికినాది, వెల్లకిలా. ఇదిగో, సోమవారం పొద్దున్న నేను తీసిన ఫొటో." సింహాచలం ఫోను అందించాడు.

గణపతిరావు కళ్లజోడు మార్చుకొని ఫొటో పెద్దది చేశాడు. ఫొటో తీసిన సమయం ఫోనులో సెకన్లతో సహా ఉంది: ఆరూ ముప్పై రెండు నిమిషాల పది సెకన్లు. ఫొటోలోని వాచీలో సెకన్ల ముల్లు ఇరవైనాలుగు మీద ఉంది.

"పద్నాలుగు సెకన్లు ముందు," అన్నాడు మెల్లగా.

"పద్నాలుగు సెకన్లకేటి సార్, మా స్టేషన్ గడియారం పద్నాలుగు నిమిషాలు తేడా."

"నిన్న నేను చెప్పిన పని చేశావా?"

సింహాచలం ముఖంలో గర్వం కనిపించింది. "సేసాను సార్. నిన్న పొద్దున్న ఎనిమిదింటికి కీ ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టాను. పన్నెండుకి ఎనిమిది సెకన్లు ముందుకి పోయినాది. అప్పుడు కీ కిందికొచ్చేలాగ ఒత్తిగిలి ఎట్టాను. నాలుగింటికి నాలుగు సెకన్లు ఎనక్కొచ్చినాది. మా ఆవిడ కూడా నా మాట అంత సక్కగా ఇనదు."

గణపతిరావు పుస్తకం తెరిచాడు. పదకొండేళ్ల రాత. మొదటి పేజీలో మాస్టారి గుండ్రటి అక్షరాలు: 'వెల్లకిల, గంటకు రెండు సెకన్లు ముందుకు. ఒత్తిగిలి, కీ కిందికి, గంటకు ఒక సెకను వెనక్కు. వేకువ నాలుగూ నలభై ఐదుకు లేచి, నిండా కీ ఇచ్చి, చేతికి కట్టవలెను. నిండా కీ ఇచ్చిన నలభై గంటలు నడుచును.' సింహాచలం చూసిన లెక్కా మాస్టారి లెక్కా ఒకటే.

"సింహాచలం, సోమవారం దీన్ని స్టేషన్‌కి తీసుకెళ్లాక ఎవరైనా కీ ఇచ్చారా?"

"నేదు సార్. కవర్లో ఎట్టీసాం. ఆ రేత్రి తొమ్మిదవకుండానే ఆగిపోయినాది. ఎనిమిదీ నలభై ఒకటి కాడ ముల్లు నిలబడిపోయినాది. సెవి కాడ ఎట్టుకొని కూడా సూసాను."

గణపతిరావు వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. ముఖం మీద నవ్వు పోయింది.

ఇప్పటి పేజీల నుంచి వెనక్కి తిప్పుతూ వచ్చాడు. మూడు వారాల కిందటి గురువారం పేజీ లేదు. కుట్టు దగ్గర సన్నటి కాగితపు పీలిక మిగిలి ఉంది. అక్కడ వేలు పెట్టి కాసేపు ఆగాడు. తరవాత కళ్లజోడు తీసి పక్కనున్న బైబిలు మీద పెట్టి, పెట్టె మీదికి వంగాడు.

ఏసమ్మ చప్పుడు చెయ్యకుండా వచ్చి, ఆ కళ్లజోడు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

గణపతిరావు తలెత్తాడు.

"ఏటీ అనుకోకు బాబూ," అంది ఆమె సిగ్గుపడుతూ. "దాని మీద మేం ఏటీ ఎట్టం. పూసలకాడ్నుంచి పుస్తకం దాకా ఏదైనా దాని కిందే. సిన్నప్పుడే సెయ్యి మీద కొట్టి నేర్పిస్తారు. మీకు తెలీక ఎట్టినారు."

"తప్పు నాదేనమ్మా," అన్నాడు గణపతిరావు. అతని చూపు కళ్లజోడు మీదే ఉంది. అది సరిగ్గా వాచీ దొరికిన చోట ఉంది.

పెట్టె పైన వాచీ ఒత్తిగిలి నిలబడేందుకు గాడి. ఖాళీ గాడి పట్టుకొని పైకి లాగితే మూత వచ్చింది. లోపల ఇనప తాళంచెవి.

"గంట గదిది," అంది ఏసమ్మ. "ఇది మాస్టారికి, మా పిల్లకి, నాకు తప్ప ఎవులికీ తెలీదు. వాచీ తియ్యకుండా మూత రాదు."

పెరటి కంచె అవతల గేదె అరిచింది. పాలు పోసే దేముడమ్మది. అరవయ్యేళ్ల మనిషి, ఎవరూ పిలవకపోయినా కంచె దగ్గరికొచ్చి నిలబడింది.

"మాస్టారికి పాలు పోసేదానివా?"

"పాతికేళ్లు పోసాను బాబు. నాకు గడియారం నేదు. ఆయన గంటే నాకు గడియారం. గంట మోగితే సెంబు పట్టుకుంటాను."

"సోమవారం గంట విన్నావా?"

"ఇన్నాను. ఇని నవ్వుకున్నాను కూడాను."

"ఎందుకు?"

"రోజూ తొమ్మిది కొట్టి ఆగుతాడు. కుడి భుజం పట్టీసినాది కదా, ఎడం సేతికి తాడు మార్సుకుంటాడు. ఈలోపు నాను సెంబు కడుక్కుంటాను. తరవాత మూడు. సోమారం ఆగనేదు. దడదడా పన్నెండూ కొట్టీసినాడు. 'ఏటి, ముసిలోడికి కుర్రతనం వొచ్చినాదా?' అనుకున్నాను." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా సెంబు కడక్కుండానే అయిపోయినాది బాబు. తరవాత తెలిసినాది, ఆయన పోయినాడని."

"ఈ మాట పోలీసులకి చెప్పలేదా?"

"ఎవులడిగినారు? గేదెనడుగుతారా, నన్నడుగుతారా?"

రెండున్నర. పృథ్వీరాజ్ రిమాండు కాగితాల మీద సంతకం పెట్టబోతున్నాడు. గణపతిరావు పుస్తకం, ఫొటో బల్ల మీద పరిచాడు.

"మీ లెక్క ప్రకారం మాస్టారు నాలుగూ నలభై ఐదుకి లేచి, వాచీ కట్టుకొని, గంట కొట్టి వచ్చి పడుకున్నాడు. అవునా?"

"అవును."

"రాత్రి తొమ్మిదింటికి వాచీ ఎనిమిది సెకన్లు ముందుంది. వేకువ దాకా ఒత్తిగిలి ఉంటే ఎనిమిదీ తగ్గిపోయి సున్నాకి రావాలి. అక్కణ్నుంచి ఆరున్నర దాకా, పోనీ వెల్లకిలానే ఉందనుకోండి, నాలుగు సెకన్లు ముందుకెళ్లాలి. ఫొటోలో పద్నాలుగుంది. పది సెకన్లు ఎక్కువ."

పృథ్వీరాజ్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. "పది సెకన్లు! హత్య కేసుకి పది సెకన్లు పట్టుకొచ్చారు. గణపతిరావు గారూ, నా చేతికీ వాచీ ఉంది. దీన్ని బోర్లా పెట్టినా, తలకిందులుగా వేలాడదీసినా తేడా రాదు."

"మీ వాచీకి బరువు తెలీదు బాబూ. కీ ఇచ్చే వాచీకి లోపల చిన్న చక్రం ఊగుతూ ఉంటుంది. పడుకునే తీరు మారితే ఆ చక్రం బరువు ఆనే చోటు మారుతుంది, ఊపు మారుతుంది. ఒత్తిగిలి ఉండాల్సిన ప్రతి గంటా వెల్లకిలా ఉంటే మూడు సెకన్లు తేడా. పది సెకన్లకి మూడు గంటల ఇరవై నిమిషాలు. నాలుగూ నలభై ఐదు నుంచి అంత వెనక్కి వెళ్లండి."

ఎస్సై వెళ్లలేదు. సింహాచలం వెళ్లాడు. "ఒంటిగంటా ఇరవై ఐదు," అని గొణిగాడు.

"అటో ఇటో ఓ అరగంట. అప్పుడెవరో వాచీని పెట్టె మీంచి తీసి కిటికీ గట్టు మీద వెల్లకిలా పెట్టారు. మాస్టారు ఆ పని చచ్చినా చెయ్యడు. ఆ పెట్టెలో గంట గది తాళముంది."

"ఆగండాగండి." పృథ్వీరాజ్ ముందుకి వంగాడు. అతను మొండివాడే గాని మందబుద్ధి కాదు. "ఆ ఎనిమిది సెకన్లు రాసింది రూబీ. ముద్దాయి రాసిన అంకెతో ముద్దాయిని విడిపించుకుపోతారా?"

"మంచి ప్రశ్న. రూబీ అబద్ధమే రాసిందనుకుందాం. మీ కథ నిలబడాలంటే ఆదివారం రాత్రి వాచీ పద్దెనిమిది సెకన్లు ముందుండాలి. మాస్టారి చేతిరాతలో ఇన్నేళ్లలో అది పన్నెండు దాటలేదు. అదీ వద్దంటారా? రూబీ రాయనిది ఇంకొకటుంది. ఆ వాచీ సోమవారం రాత్రి ఎనిమిదీ నలభై ఒకటికి ఆగిపోయింది, మీ స్టేషన్లో, మీ కవర్లో. నిండా కీ ఇస్తే నలభై గంటలు నడుస్తుంది. నలభై గంటలు వెనక్కి లెక్కపెడితే ఆదివారం వేకువ నాలుగూ నలభై ఐదు ప్రాంతం. అంటే సోమవారం దానికి ఎవరూ కీ ఇవ్వలేదు. పదకొండేళ్లుగా కీ ఇవ్వకుండా గంట గదికి వెళ్లని మనిషి ఆ రోజు లేవనే లేదు."

సంతకం కోసం తీసిన పెన్నుకి ఎస్సై మూత పెట్టాడు.

"అయితే గంట?" అన్నాడు పృథ్వీరాజ్. ఈసారి వెటకారం లేదు.

"కంచె అవతల దేముడమ్మని అడగండి. మాస్టారు తొమ్మిది కొట్టి చెయ్యి మార్చుకుంటాడు. సోమవారం కొట్టినవాడు ఆగలేదు. వాడికి భుజం నొప్పి లేదు. కొట్టాక, రూబీ రాకముందే తాళంచెవి మళ్లీ తెచ్చి పెట్టెలో పడేసి పోయాడు."

పృథ్వీరాజ్ ఆస్పత్రికి ఫోను చేశాడు. పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా రూబీ ఎక్కడుందని అడిగాడు. అవతలి గొంతు చాలాసేపు చెప్పింది. ఫోను పెట్టేశాక అతను రిమాండు కాగితాన్ని రెండుగా మడిచాడు.

"కాన్పుల గదిలో ఉందట. డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు సాక్షులు. కవలలు పుట్టారు." ఆగి అన్నాడు, "ఇద్దరూ బాగానే ఉన్నారట."

"మంచిమాట," అన్నాడు గణపతిరావు. అతనికి అంతసేపటికి మొదటిసారి మంచినీళ్లు తాగాలనిపించింది.

"మరి ఎవరు?"

"పేరు తెలీదు. వాడి చెయ్యి తెలుసు. వాచీ తీశాక వాడికి దగ్గర్లో ఉన్న చదునైన చోటు బైబిలు. పక్కనే ఉంది, చీకట్లో చేతికి తగులుతూ. దాని మీద పెట్టలేదు. మంచం మీంచి, అప్పుడే చంపిన మనిషి మీంచి వంగి, చెయ్యి చాపి కిటికీ గట్టు మీద పెట్టాడు. ముసలాయన ముఖం మీద దిండు అదమడానికి వచ్చిన చెయ్యి, బైబిలు మీద వాచీ పెట్టడానికి రాలేదు. చిన్నప్పుడు ఆ చేతి మీద ఎవరో కొట్టి నేర్పించారు. వాడు ఆ చర్చిలో పెరిగినవాడు."

పృథ్వీరాజ్ మడిచిన రిమాండు కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు.

"నోటీసిచ్చి పంపిస్తాను," అన్నాడు చివరికి. "ఊరు దాటకూడదు. ఆ పిల్ల ఫోను ఇంకా మా దగ్గరే ఉంటుంది. పూచీకి మాత్రం ఎవరో ఒకరు సంతకం పెట్టాలి."

మెట్ల మీద నిలబడ్డ బెన్హర్ పిలవగానే లోపలికొచ్చాడు. చదవకుండానే సంతకం పెట్టాడు.

మూడూ యాభై ఐదుకి రూబీ బయటికొచ్చింది. ఎండ చూసి కళ్లు చిట్లించుకుంది. బెన్హర్ తెల్ల కారు మెట్లకి ఎదురుగా తెచ్చి, తనే దిగి తలుపు తీసి పట్టుకున్నాడు. "పద తల్లీ, ఇంటికాడ ఏసమ్మ పిన్ని దగ్గర దింపేస్తాను. రెండ్రోజులై నిద్ర లేదు నీకు."

"ఒక్క మాటమ్మా," అన్నాడు గణపతిరావు. ఆ మాట లోపల అడగాల్సింది. తరవాత అతను ఎన్నోసార్లు అలా అనుకున్నాడు. "పుస్తకంలో మూడు వారాల కిందటి గురువారం పేజీ చింపేసి ఉంది. ఆ రోజు ఏం రాశావో గుర్తుందా?"

రూబీ ఆలోచించింది. "గురువారమంటే, మున్సిపాలిటీలో ఊడిసే తులసక్కని బండి గుద్దేసిన రోజా? ఆ రోజు మాస్టారు గంట గది కిటికీలోంచి ఏటో సూసినారు. వొచ్చి ఒణికిపోయినారు. 'నాలుగూ యాభై రెండు' అని రాయించారు. పక్కన ఓ నంబరు రాయించారు."

"పోలీసులు గుర్తుతెలియని లారీ అని రాసుకున్నారని స్టేషన్లో విన్నానే?"

"మాస్టారు లారీ అననేదు అంకుల్. నంబరేటంటే... కళ్ల ముందు ఆడతన్నాది గాని అందట్లేదు. ఓ నిద్దర తీసి లేస్తే గుర్తొస్తాది."

"ముందు ఇంటికెళ్లి పడుకో," అన్నాడు బెన్హర్ మృదువుగా. తలుపు వేశాడు.

కారు కదిలింది. గణపతిరావు చెయ్యెత్తాడు. కారు కిటికీలోంచి రూబీ కూడా చెయ్యెత్తింది. కారు మెట్ల ముందు చుట్టు తిరిగి రోడ్డెక్కేటప్పుడు ఎండ ముందు దీపాల మీద పడింది. కుడివైపు దీపం అద్దం ఏళ్లనాటిది, పసుపెక్కి మసకబారి ఉంది. ఎడమవైపుది నిన్నగాక మొన్న బిగించినట్టు తళుక్కుమంది.

అది అతని కంట్లో పడింది. బుర్రకి చేరడానికి కొంత సమయం పట్టింది.

మెట్ల మీదే కూర్చున్నాడు. ఐదింటికి గంట మోగితే మాస్టారు బతికున్నట్టు. ఐదుంపావు నుంచి ఊళ్లో లేనివాడు ఎవరు? రెండు రోజులుగా స్టేషన్ వదలకుండా, ఎవరేం చెబుతున్నారో వింటూ నిలబడ్డది ఎవరు? ఇడ్లీలు తెచ్చిన మనిషిని తను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

నాలుగూ తొమ్మిదికి ఏసమ్మ వచ్చింది. చేతిలో క్యారేజీ, చంకలో రూబీ చీర. చెమటతో ముఖం మెరుస్తోంది.

గణపతిరావు లేచి నిలబడ్డాడు. "ఏసమ్మా, మాస్టారి చెక్కపెట్టె ఎక్కడ కొన్నారు?"

"కొన్నది కాదు బాబూ. బెన్హర్ బాబు బళ్లో సదివినప్పుడు తన సేత్తో సేసి మాస్టారికిచ్చినాడు. మాస్టారు మురిసిపోయి గంట కొట్టడం కూడా నేర్పినాడు. పాపం, ఎప్పటి సంగతో." ఆమె అతని భుజం మీదుగా లోపలికి తొంగిచూసింది. "ఏదీ నా పిల్ల? వదిలేసినారని టీ కొట్టుకాడ సెప్పినారు."

"బెన్హర్ ఇంటికి తీసుకెళ్లాడమ్మా. ఇందాకే. కార్లో."

ఏసమ్మ అతని వైపు వింతగా చూసింది.

"ఇంటికా? ఇంటికాడ్నుంచే కదా వస్తన్నాను. ఉన్నది ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీదే నడిసొచ్చినాను. ఏ కారూ నాకెదురు రానేదు బాబూ."

గుమ్మంలో పృథ్వీరాజ్ నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. అతని చేతిలో కవరు, కవర్లో రూబీ ఫోను. ఊరు దాటి అవతలికి పోయే సాలూరు రోడ్డు వైపు ఒకసారి చూశాడు. అప్పుడు, పరిచయమైన రెండు రోజుల్లో మొదటిసారి, గణపతిరావు సాయం కోరినట్టు ఒక ప్రశ్న అడిగాడు.

"కారు కదిలి ఎంతసేపయింది మాస్టారూ? సరిగ్గా చెప్పండి."

"పదకొండు నిమిషాలు," అన్నాడు గణపతిరావు. అప్పటికే సింహాచలం జీపు స్టార్ట్ చేస్తున్నాడు.